నల్ల కమ్మీలు

మా కృపావతి వదిన గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఈవిడకి గొంతులో ఏదైనా జబ్బుందేమో అనుకున్నాను. కూరలో ఉప్పు తక్కువైందని మా ఆయన కంచం ముందు కూర్చుని చిందులు తొక్కుతుంటే, "వేస్తాను తమ్ముడూ, ఆగు" అనేది. ఆ మాట పక్కనే ఉన్న నాకే సరిగా వినపడేది కాదు. నేను అలాంటిదాన్ని కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చర్చిలో పాటలు పాడేటప్పుడు నన్ను ఎప్పుడూ వెనక వరసలో నిలబెట్టేవారంటే, నా గొంతు సంగతి మీరే అర్థం చేసుకోండి.

వదిన మా ఆయన అరుణ్‌కి సొంత అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే ఆమె భర్త పని ఉందని కాకినాడ వెళ్ళి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. వదిన సామాను మూటకట్టుకుని చిలకలపూడిలో మా ఇంటికొచ్చి, వెనక వసారాలో తడిక కట్టుకుని ఉండిపోయింది. ఎవరి మీదా ఒక్క మాట అనలేదు. వచ్చిన వారంలోపే రొయ్యల షెడ్డులో పనికి చేరింది.

షెడ్డు పనంటే చూసినవాళ్ళకే తెలుస్తుంది. తెల్లవారకముందే వ్యాన్ వచ్చి ఆడవాళ్ళని ఎక్కించుకుపోయేది. రోజంతా ఐసునీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీయాలి. తల తీసేటప్పుడు ముల్లు గుచ్చుకుంటుంది. గుచ్చుకున్నచోట రొయ్యలు కడిగే మందునీళ్ళు తగిలి మండుతుంది. సాయంత్రానికి వేళ్ళు తెల్లగా నానిపోయి చర్మం పొరలుపొరలుగా లేచొచ్చేది. ఇంటికొచ్చాక కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసుకుని, రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చునేది. అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. ఒకరోజు మా చిన్నదానికి జడ వేయబోతే, "అత్తా, నీ చేతులు గీసుకుంటున్నాయి" అని పిల్ల తల లాక్కుంది. ఆ తర్వాత వదిన దానికి మళ్ళీ జడ వేయలేదు.

ఆమెకి ఉన్నది ఒక్కటే కోరిక. ఆ షెడ్డులోంచి బయటపడాలి. ఆ మాట మాతో ఎప్పుడూ అనలేదు, ప్రార్థనలో మాత్రం అనేది. మధ్యలో ఉన్నది తడికే కాబట్టి నాకు వినపడేది. "ప్రభువా, ఈ చేతులకి ఇంకో పని చూపించు" అనేది. దేవుడికి కూడా అంత మెల్లగా చెబితే ఎలా వినపడుతుందని నాకు ఒళ్ళు మండేది.

వినపడినట్టే ఉంది. ఆ షెడ్డుకి బంటుమిల్లి చెరువుల నుంచి రొయ్యలు తోలే గోవర్ధనరావుగారు, ఒక క్రిస్మస్‌కి షెడ్డు ఆడవాళ్ళు వండుకున్న విందులో వదిన పెనం మీద కాల్చిన రొయ్య ఒకటి నోట్లో వేసుకున్నారు. ఒకటి తిని ఇంకోటి అడిగారు. తర్వాత పళ్ళెమే అడిగారు. ఆ ఆసామికి ఆ రుచి గుర్తుండిపోయింది. రెండువేల మూడులో పెడన రోడ్డులో, తన ఇంటి ముందున్న మామిడితోటలో హోటలు కట్టించి వదినకి కబురుపెట్టారు. తోడుగా నన్ను తీసుకెళ్ళింది, మాట్లాడ్డానికి.

ఆయన హైదరాబాదు నుంచి గ్యాసుతో నడిచే గ్రిల్లు తెప్పించారు. బల్లంత పొడుగు పొయ్యి, లోపల వరసగా బర్నర్లు, పైన ఊచలు బిగించిన చట్రం. చేపైనా రొయ్యైనా పెనం లేకుండా నేరుగా ఆ ఊచల మీదే కాలాలి. ఆ చట్రాన్ని అందరం జాలీ అనేవాళ్ళం.

"ఏమ్మా కృపావతీ, ప్రారంభోత్సవానికి ముందు ఒక శనివారం సాయంత్రం నా స్నేహితుల్ని పిలుస్తున్నాను. ఆ రోజు ఈ గ్రిల్లు నీ చేతిలో పెడతాను. వాళ్ళు బాగుందంటే వంటగది నీదే. బాగాలేదంటే మాత్రం విజయవాడ నుంచి మనిషిని తెచ్చుకుంటాను. నన్నేం అనుకోకూడదు" అన్నారు గోవర్ధనరావుగారు.

వదిన తల ఊపింది. చేతులు మాత్రం పైట చెంగు కింద దాచుకుంది.

"కానీ ఒక చిక్కుంది" అంటూ ఆయన గ్రిల్లు మూత ఎత్తారు. దాంతోపాటు వచ్చిన జాలీ సన్నటి ఊచలది, పైన ఒకప్పుడు తళతళలాడే పూత ఉండేది. తోటలో కొన్నాళ్ళున్నదో లేదో మా బందరు గాలి దాన్ని కొరికేసింది. సముద్రపు గాలికి మా ఊళ్ళో సైకిలు చైను నుంచి కిటికీ గొళ్ళెం దాకా ఏదీ నిలవదు. పూత పొలుసులుగా లేచి కింద ఎర్రగా తుప్పు కనిపిస్తోంది. "దీని మీద వండితే నా పరువు పోతుంది. వండేది నువ్వే కాబట్టి, నీకు ఎలాంటిది కావాలో నువ్వే చూసి చేయించుకో" అన్నారు.

ఆ రోజు నుంచి మా వదినకి కంటి మీద కునుకు లేదు. దేనితో చేయించాలి? తుప్పు పట్టకూడదు, చేప అంటుకోకూడదు, వేడికి వంగకూడదు, చూడ్డానికి బాగుండాలి. నన్నడుగుతుంది. నాకేం తెలుసు? "ఏదో ఒకటి ఇనుముతో చేయించెయ్ వదినా, అదేమన్నా చంద్రహారమా?" అన్నాను. ఆమె వసారాలో కూర్చుని మా పెనాన్ని ఒళ్ళో పెట్టుకుని తిప్పితిప్పి చూసింది.

ముందు బందరు హార్డువేరు కొట్లో జింకు పూత వేసిన తెల్లటి జి.ఐ. వల చూపించారు. తుప్పు పట్టదన్నారు, చవకన్నారు. కొనేద్దామని నేను చెయ్యి చాపాను. వదిన ఎందుకో ఆగింది. గుడివాడలో రైసుమిల్లుల పక్కన వెల్డింగు షాపున్న దానియేలు మామయ్య మా చర్చి బంధువు. ఆయన్ని అడిగి కొందామంది. ఆ వారం సెలవు పెట్టి బస్సెక్కాం.

"జి.ఐ. వద్దమ్మా" అన్నాడు దానియేలు మామయ్య వినగానే. "దాని మీద వెల్డింగు పెట్టిన రోజు ఆ పొగకి మాకు చలిజ్వరమొస్తుంది. అలాంటిదాని మీద తిండి కాలుస్తారా ఎవరైనా?"

వదిన నా వైపు చూసింది. నేను దుకాణం చూరు వైపు చూశాను.

స్టీలుదైతే మంచిదేనన్నాడు ఆయన. కానీ ఆయన దగ్గరున్నవి సన్నటి ఊచలు. లావుపాటివి విజయవాడ నుంచి రావాలి, ఎప్పుడొస్తాయో తెలియదు. ఉన్నవాటితో ఒక ముక్క చేసి మంట మీద పెట్టి చూపించాడు. వేడెక్కేసరికి మధ్యలో విల్లులా లేచింది. వదిన సంచిలో తెచ్చుకున్న చేపముక్క పెట్టి చూసింది. తోలంతా ఊచలకే అంటుకుపోయింది. "లావుదైతే ఇలా కాదమ్మా" అని ఆయన నొచ్చుకున్నాడు. శనివారం మాత్రం ఆగదు కదా. చివరికి మామూలు ఇనప కమ్మీలతోనే గట్టి జాలీ ఒకటి చేసిచ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు వదిన షాపు పక్కనున్న తుక్కు దగ్గర ఆగిపోయింది. మూసేసిన రైసుమిల్లు బాయిలరులోంచి పీకేసిన కమ్మీలవి. ఊకమంట కింద పరిచేవట. మూరెడు పొడుగు, బొటనవేలంత మందం, ఒళ్ళంతా గరుకు. ఒకటి ఎత్తి చేత్తో తూచి, వేలితో కొట్టి చూసింది.

"పోత ఇనుము మామయ్యా" అంది. "మా అమ్మ పెనం ఇలాగే మోగేది."

"కావాలంటే తీసుకుపో తల్లీ" అన్నాడాయన.

గోనెసంచి నిండా ఆ తుక్కు ఎత్తుకుని, చంకలో కొత్త జాలీ పెట్టుకుని, గుడివాడ నుంచి బందరు దాకా బస్సులో నిలబడి వచ్చాం. సంచి ఎవరి కాలి మీద పడితే వాళ్ళు నన్నే తిట్టారు. వదిన "అయ్యో, తగిలిందా అండీ" అంటే ఎవరికి వినపడుతుంది? నేనే పోట్లాడాల్సి వచ్చింది. నాకు ఇల్లు చేరేదాకా కోపం తగ్గలేదు.

కొత్త జాలీ రాత్రంతా వసారాలో ఉంది. తెల్లారేసరికి ఎర్రగా తుప్పు పట్టి కూర్చుంది. వదిన దాని ముందు గొంతుక్కూర్చుని మోకాళ్ళ మీద తల ఆన్చుకుంది. ఏడుస్తోందేమోనని వంగి చూశాను. ఏడవట్లేదు. చేతివేళ్ళకి లేచిన పొరలు ఒక్కోటీ పీక్కుంటోంది. అది చూడలేక లోపలికెళ్ళి మా ఆయన్ని లేపాను.

మా ఆయనకి చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకి పూతవేసే చిన్న షాపుంది. మా చిలకలపూడి వాళ్ళకి ఇదొక జబ్బు. ఏ వస్తువు చూసినా పూత వేస్తే సరిపోతుందంటారు. ఇత్తడి గాజుకి పూత, రాగి గొలుసుకి పూత, చివరికి మా పెళ్ళిఫోటో చట్రానికి కూడా పూత. జాలీ చూడగానే నవ్వేశాడు.

"దీనికా ఇంత బాధ? నేను లేనా అక్కా? నికిలు పూత వేసిచ్చేస్తాను. అద్దంలా ఉంటుంది. తుప్పు దాని జోలికి రాదు."

"వేడికి లేచిరాదు కదా తమ్ముడూ?" అంది వదిన.

అంతే. ఆయన మొహం మాడిపోయింది. "ఊళ్ళోవాళ్ళకి ఆరునెలలు గ్యారంటీ ఇస్తున్నానక్కా. నీకు జీవితకాలం ఇస్తాను, చాలా? తోడబుట్టిన నా పని మీదే నీకు నమ్మకం లేకపోతే ఇంకెవరికుంటుంది?"

ఆ గ్యారంటీ సంగతి నాకు తెలుసు. సబ్బు తగలకూడదు, సెంటు తగలకూడదు, చెమట తగలకూడదు. నిప్పు గురించి మాత్రం ఎవరూ చెప్పరు. మెడలో గొలుసేసుకుని పొయ్యిలో తల పెట్టేవాళ్ళు ఎవరుంటారు?

జాలీ షాపు నుంచి వచ్చిన రోజు మా వీధంతా వచ్చి చూసింది. నిజంగానే మొహం కనపడింది అందులో. నేనూ నా బొట్టులేని మొహం చూసుకుని మురిశాను. వదిన మాత్రం దాన్ని కట్టెలపొయ్యి మీద పెట్టి వేడిచేసింది. కాసేపటికి మధ్యలో పసుపురంగు తేలింది, ఆ పసుపు నీలంగా మారింది. "తమ్ముడూ, ఇది చూడు" అంది. "వేడికి రంగు మారదా అక్కా? నీ మొహం మారదా పొయ్యి దగ్గర?" అని ఆయన విసురుగా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట అన్నం తినలేదు. ఆయన తినలేదని ఆమె తినలేదు. ఇద్దరినీ తిట్టి నేను తిన్నాను.

నాకు లోపల వేరే భయం ఉంది. మా ఆయన షాపులోకి పిల్లల్ని రానివ్వం. బంగారు పూత తొట్టెలో సైనైడు ఉంటుంది. నికిలు తొట్టె వేరు, అందులో అది ఉండదని ఆయన ఒట్టేసి చెబుతాడు. అయినా రెండు తొట్టెలూ ఒకే గదిలో ఉన్నాయి కదా. ఆ గదిలోంచి వచ్చిన వస్తువు మీద తిండి వండటానికి నాకు మనసొప్పలేదు. వదినకి కూడా అదే భయమని నాకు తెలుసు. ఇద్దరం పైకి అనుకోలేదు. అంటే ఆయన చిన్నబుచ్చుకుంటాడు, అనకపోతే నిద్రపట్టదు.

ఈలోపు ఆమె ఆ బాయిలరు కమ్మీల్ని పట్టుకుంది. సబ్బునీళ్ళతో కడిగి, నిప్పుల మీద కాల్చి, ఆరనిచ్చి, గుడ్డముక్కతో పల్చగా నూనె రాసి మళ్ళీ కాల్చింది. షెడ్డు నుంచి వచ్చాక రోజూ అదే పని. ఉల్లిపాయని సగానికి కోసి, చాకుకి గుచ్చి, దోసెల పెనానికి రుద్దినట్టు ఆ కమ్మీలకి రుద్దేది. రానురాను అవి నల్లగా నిగనిగలాడాయి. తుప్పు కనపడలేదు. చేప పెడితే అంటుకోకుండా ఇలా తీస్తే అలా వచ్చేసింది.

మసిగా ఉన్నాయని ఒకరోజు నేను బూడిద, కొబ్బరిపీచు తీసుకుని తోమబోయాను. వదిన గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "తోమొద్దు లతా. ఆ నలుపే దానికి ప్రాణం" అంది, అదే వినపడీ వినపడని గొంతుతో.

విందుకి ముందు మా ఆయనతో కలిసి జాలీ, కమ్మీలు రెండూ గోవర్ధనరావుగారికి పట్టుకెళ్ళి చూపించాం. నల్ల కమ్మీల్ని చూసి ఆయన పగలబడి నవ్వారు.

"బాయిలరు కమ్మీలా! నా ఫ్రెండ్స్‌ని కూర్చోబెట్టి ఊకపొయ్యి ఇనుము మీద వండుతావా? చూడమ్మా, ఆ మెరిసేది ఎంత బాగుందో. అదే పెట్టు."

వదిన ఏదో అనబోయింది. "మీ తమ్ముడే వేశాడా పూత? పనిమంతుడమ్మా" అని ఆయన అనేసరికి మా ఆయన మొహం వెలిగిపోయింది. వదిన నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. నల్ల కమ్మీలు మళ్ళీ మా వసారాకే చేరాయి.

శనివారం సాయంత్రం తోటంతా దీపాలు కట్టారు. వదిన ఇస్త్రీచీర కట్టుకుంది. మా ఆయన కూడా కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు, తన జాలీని నలుగురూ చూస్తారని. గోవర్ధనరావుగారి భార్య రాజకుమారిగారు చిన్న మనవరాలు వర్షిణిని చంకనేసుకుని గ్రిల్లు దగ్గరే తిరుగుతున్నారు. వదిన గ్యాసు వెలిగించి, రుచి చూడ్డానికి ముందుగా నాలుగు రొయ్యలు వేసింది.

"నాకు, నాకు" అని పాప చెయ్యి చాపింది. రాజకుమారిగారు ఒకటి తీసి, ఊది, ముక్కలు చేసి పెట్టారు. పాప తినేసి ఇంకోటి అడిగింది. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత చూశాను ఆ నవ్వు.

అతిథులు రాకముందు జాలీ శుభ్రం చేద్దామని ఆమె అలవాటు ప్రకారం ఉల్లిపాయ సగం కోసి, చాకుకి గుచ్చి, ఊచల మీద రుద్దింది. తీసి చూసింది. మళ్ళీ రుద్దింది, మళ్ళీ చూసింది. నేను దగ్గరికెళ్ళి చూశాను. తెల్లటి ఉల్లిపాయ ముక్క నిండా సన్నటి మెరుపు తునకలు అంటుకుని ఉన్నాయి, చీరకి కుట్టే చమ్కీల్లాగా.

వదిన వంగి గ్యాసు ఆపేసింది.

"పాపకి పెట్టింది దీని మీదదే లతా" అంది.

ఆ క్షణంలో ఎవరూ చూడలేదు. ముక్క పారేసి, జాలీ తుడిచి, నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. ఈలోపే వదిన రాజకుమారిగారి ముందుకెళ్ళి ఉల్లిపాయ ముక్క చూపించింది.

"అమ్మగారూ, పూత లేస్తోందండి. పాప తిన్న రొయ్యకి కూడా అంటిందేమో. డాక్టరుగారిని అడగండి."

రాజకుమారిగారు ఒక్క కేక పెట్టారు. పాప నోట్లో వేలు పెట్టి చూశారు, వీపు తట్టారు, నీళ్ళు పట్టించారు. పాప బెదిరిపోయి ఏడుపందుకుంది. "మీ తమ్ముడి పూతలకి మా పిల్లే దొరికిందా?" అని వదినని నానా మాటలూ అన్నారు. ఆమె తల వంచుకుని నిలబడింది. నేను ఎదురు మాట్లాడలేకపోయాను. అలా నోరు పడిపోవడం నాకదే మొదలు.

మా ఆయన వచ్చి ఆ ముక్క చేతిలోకి తీసుకున్నాడు. నగని చూసినట్టు దీపం వెలుతురుకి పెట్టి చూశాడు. ఎవరి మీదా నెపం వేయలేదు.

"నా పూతే" అన్నాడు. తర్వాత అక్క వైపు చూడకుండానే, "నీ కమ్మీలు తెస్తాను" అని టీవీఎస్ ఎక్కి వెళ్ళిపోయాడు.

గోవర్ధనరావుగారు డాక్టరుకి ఫోన్ చేశారు. చిన్న తునకైతే ఏమీ కాకపోవచ్చు, వాంతులుగానీ కడుపునొప్పిగానీ వస్తే మాత్రం వెంటనే తీసుకురండి, రేపటిదాకా కనిపెట్టి చూడండి అన్నాడట ఆయన. అప్పటికే గేటు దగ్గర కార్లు ఆగుతున్నాయి.

"డాక్టరు ఏమీ కాదంటున్నాడు కదా. తుడిచేసి కానివ్వమ్మా. ఈ దీపాల్లో ఎవరికి కనపడుతుంది?" అన్నారు గోవర్ధనరావుగారు. ఆయనకీ చెమటలు పడుతున్నాయి.

"వండనండి."

"ఏంటి? గట్టిగా చెప్పు."

"దీని మీద వండనండి. నా కమ్మీలొస్తున్నాయి. వాటి మీదైతే వండుతాను."

"ఆ తుక్కు మీదా? అంతమంది ముందు నన్ను తలొంచుకోమంటావా? అయితే రేపట్నుంచి ఆ షెడ్డుకే పో."

"అలాగేనండి" అంది వదిన.

అలాగేనండి అట! ఇన్నేళ్ళ ప్రార్థన ఒక్క మాటతో నేల మీద పోసేసింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మా ఆయన గోనెసంచితో వచ్చి, తనే మెరిసే జాలీని ఎత్తి చెట్టు కింద పడేసి, నల్ల కమ్మీలు ఒక్కోటీ గ్రిల్లు అంచుల మీద వరసగా పేర్చాడు. అతిథులు లోపలికి వచ్చేశారు, వేరే దారి లేదు. గోవర్ధనరావుగారు పళ్ళు బిగబట్టి అటు తిరిగిపోయారు.

వదిన వండింది. ఎలా వండిందో నాకిప్పటికీ తెలియదు. రొయ్య తిప్పుతూనే మధ్యమధ్యలో తల ఎత్తి పాపని పడుకోబెట్టిన గది కిటికీ వైపు చూసేది. లోపల దీపం వెలుగుతోంది. లోపల ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఆమె చేతిలో పటకారు ఆగిపోయేది. అతిథులు పళ్ళేలు పట్టుకుని మళ్ళీమళ్ళీ వచ్చారు. ఎవరూ కమ్మీల రంగు అడగలేదు. ఒక పెద్దాయన మాత్రం, "మా నాయనమ్మ పెనం వాసనొస్తోందమ్మా" అన్నాడు. గోవర్ధనరావుగారు మా వైపు చూడకుండానే కార్లదాకా వెళ్ళి అందరినీ సాగనంపి, అటునుంచటే లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. కమ్మీలు ఇంకా కాలుతున్నాయి, వాటినక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాం.

ఆ రాత్రి తడిక అవతల ఆమె కోసం ఆమె ఏమీ అడగలేదు. పాప పేరు ఒక్కటే వినపడింది.

తెల్లారితే ఆదివారం. వదిన చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, "లతా, పెడన రోడ్డుకి వస్తావా?" అంది. పోనీలే, ఇప్పటికైనా బుద్ధొచ్చింది, పని అడగడానికే అనుకుని నేనూ బయల్దేరాను. ఆటోలో దారి పొడుగునా నూరిపోశాను. "అతిథులు మెచ్చుకున్నారని చెప్పు. ఆయన మాటిచ్చాడని గుర్తుచెయ్యి. నోరు విప్పు వదినా, నీకు పుణ్యముంటుంది." ఆమె చేతులు నలుపుకుంటూ రోడ్డు వైపే చూసింది. నా మాట ఒక్కటీ చెవిన పడ్డట్టు లేదు.

గేటు దగ్గరికి రాజకుమారిగారే వచ్చారు. ఆవిడ కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి.

"పని సంగతి అడగడానికొచ్చావా?" అన్నారు.

నేను వదిన వీపు మీద పొడిచాను.

"కాదండీ. పాప లేచిందా?" అంది వదిన.

రాజకుమారిగారు జవాబు చెప్పేలోపే వర్షిణి బిస్కెట్టు చీకుతూ గుమ్మంలోకి వచ్చింది. వదినని చూసి, "రొయ్య తెచ్చావా?" అంది. మా వదిన తెల్లచీరతో ఆ గేటు దగ్గర మట్టిలోనే కూలబడిపోయింది. వెక్కివెక్కి ఏడ్చింది. పాపని దగ్గరికి తీసుకోబోయి, తన చేతులు చూసుకుని ఆగిపోయింది. పాపే వచ్చి ఆమె వేలు పట్టుకుని లాగింది.

"ఊరుకో" అన్నారు రాజకుమారిగారు. ఆవిడ గొంతు కూడా మెత్తబడింది. "రాత్రి నేనన్న మాటలు మనసులో పెట్టుకోకు. నువ్వు చెప్పకపోతే మాకెవరికీ తెలిసేది కాదు. నేను తెల్లార్లూ అదే అనుకున్నాను. ఆయన ఇంకా లేవలేదు. ఏమంటారో మరి..."

అప్పుడే ఇంటి వెనకనుంచి బర్రుబర్రుమని ఏదో గీకుతున్న చప్పుడు వినపడింది. వదిన తల ఎత్తింది.

"అదేంటండీ?"

"మా రాఘవమ్మ. నీ కమ్మీలు మరీ నల్లగా మసిపట్టి ఉన్నాయి కదా, నీకు శుభ్రంగా ఇద్దామని చింతపండు, ఇటుకపొడి ఇచ్చి తెల్లగా తోమమన్నాను."

"తోమొద్దు!"

ఆ కేకకి మామిడిచెట్టు మీద కాకులు లేచిపోయాయి. వాచ్‌మన్ కుర్చీలోంచి నిలబడ్డాడు. నేను ఆ గొంతు ఎవరిదా అని నిజంగానే వెనక్కి తిరిగి చూశాను. వదిన చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, రాజకుమారిగారిని దాటుకుని, ఎవరినీ అడక్కుండా వాళ్ళింటి పెరట్లోకి పరిగెత్తింది. "తోమొద్దన్నానా! దాని మీద చెయ్యి తియ్యి!" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచింది.

లుంగీ సర్దుకుంటూ గోవర్ధనరావుగారు మేడమీద బాల్కనీలోకి వచ్చారు. "ఎవరే అది, పొద్దున్నే?"

"ఎవరూ కాదు, మన కృపావతి. తన వంటసామాను ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదు" అన్నారు రాజకుమారిగారు.

ఆయన కిందకి చూశారు. బిస్కెట్టు తింటున్న మనవరాలిని చూశారు. పంపు దగ్గర వదిన నేల మీద బాసింపట్టు వేసుకుని, సగం తెల్లబడిన కమ్మీ ఒకటి ఒళ్ళో పెట్టుకుని పైటచెంగుతో తడి తుడుస్తోంది. పాపం రాఘవమ్మ చేతిలో చింతపండుతో బిక్కచచ్చిపోయి నిలబడింది.

"వంటగదికి ఆవిడకేం కావాలో అడిగి ఇవ్వండి" అని ఆయన లోపలికెళ్ళిపోయారు.

వదిన తల ఎత్తలేదు. "నూనె తీసుకురండి, ఒక ఉల్లిపాయ కూడా" అంది. ఆ మాట కూడా గట్టిగానే అంది.